డిశ్చార్జి కాగితం మీద ఒక తేదీ రాయండి

రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్లు చేసే సర్జన్లకు, ఆ తర్వాత కీమో రాసే ఆంకాలజీ డాక్టర్లకు,

నమస్కారం. నేను ఖమ్మం దగ్గర ఒక వ్యవసాయ సహకార సంఘంలో క్లర్కుని. వయసు 48. పోయిన ఏడాది జూన్ మొదటి వారంలో హైదరాబాద్‌లోని ఒక ఆస్పత్రిలో నా ఎడమ రొమ్ము తీసేశారు. చంకలో గ్రంథులు 16 తీస్తే రెండింటిలో జబ్బు ఉందన్నారు. ఆ ఆస్పత్రి పేరు రాయడం లేదు. భయపడి కాదు, అక్కడ నన్ను బాగానే చూశారు. సర్జన్ గారి హస్తవాసి మంచిది, కీమో డాక్టర్ గారిదీ మంచిదే. ఆయన కుట్లు వేసిన రోజుకీ ఈయన మొదటి సెలైన్ ఎక్కించిన రోజుకీ మధ్య 45 రోజులు గడిచాయి. ఆ 45 రోజుల గురించే ఈ ఉత్తరం.

24వ రోజు నుంచి మొదలుపెడతాను. అప్పటికి డ్రెయిన్ (కోత లోపలి నీరు బయటికి పోయే గొట్టం) తీసి అయిదు రోజులు. కోసిన గీత చివర, చంక వైపు, రూపాయి బిళ్లంత మేర చర్మం నల్లబడి చెమ్మగా ఉంది. లోపల నీరు చేరి ఉబ్బింది. రెండో అంతస్తులో సర్జన్ గారు సిరంజితో 60 మిల్లీలీటర్లు లాగి, "ఇది మానాలమ్మా, అప్పటిదాకా కీమో వద్దు" అన్నారు. ఎన్నాళ్లు పడుతుందంటే, "చూద్దాం, వారం వారం రండి" అన్నారు. నాలుగో అంతస్తుకు వెళ్లాం. కీమో డాక్టర్ గారు ఫైలు తిరగేసి, "నెల కావస్తోంది, ఇంకా మొదలుపెట్టలేదా? ఈ వారమే పెట్టేద్దాం" అన్నారు. కింద సార్ వద్దన్నారని మా ఆయన చెప్పారు. "అయితే ఆయన్ని ఒకసారి అడిగి రండి." దిగి వచ్చేసరికి సర్జన్ గారు థియేటర్‌లోకి వెళ్లిపోయారు. రెండు గంటలు కూర్చున్నాం. ఆయన బయటికొచ్చి, "నేను చెప్పాను కదమ్మా, వాళ్లు ఇస్తామంటే వాళ్లిష్టం" అన్నారు. మళ్లీ పైకి. "వాళ్లు ఫిట్ అని రాసిస్తేనే మేం ఇస్తాం." మళ్లీ కిందికి.

ఆ రోజు లిఫ్టు నడిపే అబ్బాయి మమ్మల్ని చూసి, అంతస్తు అడగడం మానేశాడు.

మీ ఇద్దరిలో ఎవరూ తప్పు చెప్పలేదని నాకు తర్వాత అర్థమైంది. సర్జన్ గారి భయం పుండు గురించి. కీమో మందు వేగంగా పెరిగే కణాల మీద పడుతుంది. పుండు పూడాలన్నా కొత్త కణాలు వేగంగా పెరగాల్సిందే కదా. పైగా మందు ఎక్కిన పది, పద్నాలుగు రోజులకు తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఆ సమయంలో నోరు తెరిచిన పుండుంటే చీము పట్టొచ్చు, అది రక్తంలోకి పాకితే ప్రాణం మీదికి రావచ్చు. కీమో డాక్టర్ గారి భయం వేరు. గడ్డ తీసేసినా ఎక్కడో కంటికి కనపడని కణాలు మిగిలి ఉండొచ్చు, వాటికి టైమ్ ఇవ్వకూడదు. రెండూ నిజమైన భయాలే. అయితే మీరు మీ మీ గదుల్లో కూర్చుని ఒక్కొక్క భయమే మోస్తున్నారు. రెండింటినీ కలిపి ఇంటికి మోసుకెళ్లింది నేను. పుండు మానలేదని పగలు ఏడ్చేదాన్ని. లోపల ఏదో పాకుతోందని రాత్రి నిద్ర పట్టేది కాదు. అత్తమ్మ పక్కలో పడుకుని నా వీపు నిమిరేది, ఆమెకూ నిద్ర లేదు.

మా మేనకోడలు ఫార్మసీ చదివింది, బెంగళూరులో ఉద్యోగం. ఒక రాత్రి నేను ఫోన్లో ఏడుస్తుంటే, తను 2016లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధన తీసి తెలుగులో చెప్పుకుంటూ పోయింది. కాలిఫోర్నియా క్యాన్సర్ రిజిస్ట్రీలోని దాదాపు 25 వేల మంది ఆడవాళ్ల వివరాలవి. ఆపరేషన్ అయిన నెలలోపు కీమో మొదలైన వాళ్లకీ, రెండో నెలలోనో మూడో నెలలోనో మొదలైన వాళ్లకీ పెద్ద తేడా కనిపించలేదట. 91 రోజులు, ఆపైన ఆగిన వాళ్లలో మాత్రం చనిపోయే ముప్పు మూడో వంతు ఎక్కువ ఉందట. ట్రిపుల్ నెగటివ్ అనే రకంలో అది ఇంచుమించు సగం ఎక్కువ. అంతకు రెండేళ్ల ముందు హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ వాళ్ల లెక్క ఇంకాస్త గట్టిగా ఉంది. జబ్బు ముదిరిన వాళ్లకీ, ట్రిపుల్ నెగటివ్, హెర్-2 పాజిటివ్ (హెర్-2 అనే ప్రోటీన్ కణాల మీద ఎక్కువగా ఉండేది) రకాల వాళ్లకీ 60 రోజులు దాటడమే మంచిది కాదన్నారు. ఇవన్నీ పాత రికార్డులు చూసి వేసిన లెక్కలే అత్తా, ఆలస్యమైన వాళ్లకి వేరే ఇబ్బందులు ఉండి ఉండొచ్చు, ఆలస్యం వల్లే అలా అయిందని ఒట్టేసి చెప్పలేరు అని కూడా తనే అంది. ఇవి మీకు కొత్త సంగతులు కావు, నాకన్నా మీకే బాగా తెలుసు. అయితే ఆ రాత్రి నాకు తెలిసింది ఒకటే: 24వ రోజు అంటే కొంప మునిగిన రోజు కాదు. నాకు ఇంకా వ్యవధి ఉంది. ఆ ఒక్క ముక్క రెండో అంతస్తులో గానీ నాలుగో అంతస్తులో గానీ ఎవరైనా చెప్పి ఉంటే నేను మూడు వారాలు చస్తూ బతికేదాన్ని కాదు.

ఇప్పుడు నా పక్క మంచం అక్క సంగతి చెప్పాలి. ఇద్దరికీ ఒకే రోజు ఆపరేషన్. ఆమెది మహబూబాబాద్ వైపు, మిర్చి వేస్తారు. నాకన్నా బలంగా ఉండేది. మూడో రోజుకే చేతిలో డ్రెయిన్ బాటిల్ పట్టుకుని వార్డంతా తిరిగింది. ఆమె కుట్లు చక్కగా మానాయి. నాకు పట్టిన ఏ ఇబ్బందీ ఆమెకు పట్టలేదు. రిపోర్టు తీసుకుని రమ్మని మా ఇద్దరి కాగితాల మీదా ఒకే మాట రాశారు. ఎప్పటిలోగా అని రాయలేదు. ఆమె ఊరికి వెళ్లింది. గడ్డ తీసేశారు, పుండు మానింది, నొప్పి లేదు. ఇక తొందరేముంది అనుకుంది. నారు పోయడం, నాట్లు, కలుపు. మా అబ్బాయి ఒకసారి వెళ్లి రిపోర్టు తెచ్చాడు కానీ ఇంగ్లిష్‌లో ఉంటే బీరువాలో పెట్టాం అని తర్వాత నాతో చెప్పింది. అయిదో నెలలో మచ్చ పక్కన గింజంత గడ్డ తగిలితే అప్పుడు బస్సెక్కింది. సమయానికి కీమో పడితే అది వచ్చేది కాదని నేను చెప్పలేను. మీరూ చెప్పలేరు. కానీ ఆమెకు అసలు ఒక సమయమంటూ ఉందని తెలియదు.

నాకూ తెలియదు, ఆమెకూ తెలియదు. నేనేమో టెన్షన్‌తో సగమయ్యాను. ఆమె నిశ్చింతగా మిరప తోటలో పని చేసుకుంది.

మా సొసైటీలో పంట రుణం తీసుకునే ప్రతి రైతు పాస్‌బుక్ మీదా గడువు తేదీ రాస్తాం. 20 వేల అప్పయినా సరే. ఆ తేదీ లోపు కడితే వడ్డీ రాయితీ వస్తుంది, దాటితే పోతుంది. రైతు చదువుకోకపోతే నోటితో చెప్పి, పండగ గుర్తు చెబుతాం: "ఉగాది లోపు, పెద్దయ్యా". తేదీ చెబితే ఆఖరి రోజు దాకా కట్టరు కదా అని మేం ఎప్పుడూ దాచిపెట్టలేదు. ఈ మాట ఎందుకంటే, నేను ఇదే విషయం అడిగినప్పుడు మీలో ఒకరు (చిన్న డాక్టరే, కోపంగా చెప్పలేదు) "90 రోజులని చెబితే జనం 89వ రోజున వస్తారమ్మా" అన్నారు. రావచ్చు. అందుకే రెండు తేదీలు రాయండి. ఈ తేదీకి మొదలుపెట్టాలనుకుంటున్నాం, ఈ తేదీ మాత్రం దాటకూడదు. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాల్లో మొదలుపెడతారని ఇప్పుడు నాకు తెలుసు. ఒక్కొక్కరి జబ్బు రకాన్ని బట్టి ఆ రెండో తేదీ ముందుకు రావచ్చు, రిపోర్టు వచ్చాక మార్చి రాయండి. అసలు కీమో అవసరం లేని వాళ్లుంటారు, మాత్రలతో సరిపోయేవాళ్లుంటారు. వాళ్లకు అదే రాయండి.

ఇక రిపోర్టు. నా బయాప్సీ 12వ రోజున వచ్చింది. అందులో హెర్-2 దగ్గర "2 ప్లస్" అని ఉంది. అంటే అవుననీ కాదు, కాదనీ కాదు. తేల్చడానికి ఫిష్ అనే ఇంకో టెస్టు చేయాలి, ఆ ముక్క ఉన్న మైనపు బ్లాకు వేరే ల్యాబుకు వెళ్లాలి. ఇది నాకు చెప్పింది 24వ రోజున. మధ్యలో పన్నెండు రోజులు ఆ బ్లాకు అల్మారాలో ఉంది, నేను ఇంట్లో ఉన్నాను. పాజిటివ్ వస్తే మందుల లిస్టే మారుతుంది, ఏడాది పాటు వేరే ఇంజెక్షన్ కూడా కలుస్తుంది. అది తేలకుండా ఏ మందు మొదలుపెట్టాలో కూడా పక్కాగా చెప్పలేరు. అంటే పుండు మానిపోయినా నాకు ఆ రోజు మొదలయ్యేది కాదన్నమాట! 2 ప్లస్ వస్తే బ్లాకు నేరుగా పంపేలా ఆపరేషన్‌కు ముందే ఒక సంతకం తీసుకుంటే పోలా? ఎన్ని సంతకాలు పెట్టించుకున్నారో, అందులో ఇదొకటి. (ఫిష్ టెస్టు అనగానే మా అత్తమ్మ, "చేపలు తినొచ్చన్నారా?" అని అడిగింది. ఆ నెలలో మేం నవ్వింది అప్పుడొక్కసారే.)

తిండి సంగతి వచ్చింది కాబట్టి అదీ చెబుతాను. డిశ్చార్జి కాగితం మీద "నార్మల్ డైట్" అని రాశారు. మా ఇళ్లలో కోత పడిన మనిషికి నార్మల్ డైట్ అంటే ఏమిటో మీకు తెలియదా సార్? మీ అమ్మగారు కూడా అదే పెట్టి ఉంటారు. పథ్యం. పప్పు తింటే చీము, వంకాయ తింటే దురద, గుడ్డు వేడి. మూడు వారాలు నేను బీరకాయ కూర, చారన్నం తిన్నాను. మాంసకృత్తులు లేకపోతే పుండు ఎలా మానుతుంది? ఆ పైన షుగర్. నాకు ఆరేళ్లుగా ఉంది. ఆపరేషన్ ముందు ఫిట్‌నెస్ కోసం చూసి తగ్గించారు, తర్వాత ఎవరూ అడగలేదు, నేనూ పట్టించుకోలేదు. 38వ రోజున చూస్తే పరగడుపున 240. మానని పుండును అంతస్తుల మధ్య తిప్పుతూ రెండు వారాలు గడిపాం కానీ, ఎందుకు మానడం లేదని ఒక్కరం ఆలోచించలేదు. ఇందులో నా తప్పూ ఉంది, ఒప్పుకుంటాను.

ఆ 38వ రోజే నా అదృష్టం కొద్దీ డ్రెస్సింగ్ గదిలో ఉండే హెడ్ నర్సు గారు మా ఆయన్ని ఆపి, "ఎన్నిసార్లు తిరుగుతారన్నా మీరు" అంటూ తన సెల్‌ఫోన్‌లోంచి కీమో డాక్టర్ గారికి కాల్ కలిపి, ఫోను సర్జన్ గారి చేతికిచ్చింది. నేను మంచం మీద జాకెట్టు పక్కకు లాగి పడుకుని ఉన్నాను. "ఎంత సైజు ఓపెన్ ఉంది?" "సెంటీమీటరున్నర, బేస్ శుభ్రంగా ఉంది, చీము లేదు." "ఇంకో వారం ఇద్దామా?" "ఇవ్వండి. షుగర్ చూడండి. పూర్తిగా పూడకపోయినా ఇన్ఫెక్షన్ లేకపోతే నాకు ఓకే." "సరే, 45వ రోజుకి పెడదాం." ఇద్దరూ పేర్లతో పిలుచుకున్నారు. మధ్యలో ఎవరి కొడుకుకో మెడిసిన్ సీటు వచ్చిన ముచ్చట కూడా దొర్లింది. మొత్తం నాలుగు నిమిషాలు. పద్నాలుగు రోజులు మేం లిఫ్టులో మోసిన ప్రశ్న నాలుగు నిమిషాల్లో తెగింది, అదీ ఒక నర్సమ్మ సొంత ఫోన్ మీద.

పుండు పూర్తిగా మానక్కర్లేదట. చీము లేకపోతే చాలట. ఆ మాట వినేదాకా నేను రోజుకు పదిసార్లు అద్దంలో ఆ రూపాయి బిళ్లను కొలిచేదాన్ని.

ఆ తర్వాత వారంలో జరగాల్సినవన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. గుండెకు ఎకో తీయాలి, కీమోలో ఎక్కించే ఎర్ర రంగు మందు గుండెను దెబ్బతీయొచ్చట కాబట్టి. అపాయింట్‌మెంట్ 42వ రోజున దొరికింది. పుచ్చిపన్ను ఉంది, కీమో మొదలయ్యాక పీకడం కష్టం కాబట్టి ముందే చూపించుకోమన్నారు. నరం కోసం కుడి చెయ్యి ఒక్కటే మిగిలింది, ఎడమ చేతికి ఇక సూది గుచ్చకూడదు కదా, పోర్ట్ (మందు ఎక్కించడానికి చర్మం కింద అమర్చే చిన్న పరికరం) పెట్టించుకుంటారా అని అడిగారు. ఒక్క రాత్రిలో ఏం తేల్చుకుంటాం? ఇవన్నీ పుండు మానుతున్నప్పుడే, ఖాళీగా కూర్చుని ఏడ్చిన ఆ నెలలోనే అయిపోయేవి. ఆగమన్నప్పుడు, ఆగుతూ ఏం చేయాలో కూడా చెప్పండి. చేతికి పని ఉంటే మనసు కాస్త కుదుటపడుతుంది.

ఇంకొక్క సంగతి. మేం 24వ రోజున నాలుగో అంతస్తులో ఉన్నప్పుడు మా ఆయన మొహమాటంగా, "ఆషాఢం వచ్చింది సార్, మా అమ్మ పోనిచ్చి మొదలుపెడదామంటోంది" అన్నారు. డాక్టర్ గారు నవ్వారు. పక్కనున్న ఇద్దరు చిన్న డాక్టర్లూ నవ్వారు. మా ఆయన మళ్లీ ఆ గదిలో నోరు విప్పలేదు. మీకు ఇది రోజూ ఉండే చాదస్తం కావచ్చు. ఆషాఢమనీ, మూఢమనీ, అమావాస్య అనీ చాలా మంది ఆగుతారని నాకూ తెలుసు, వార్డులో విన్నాను. కానీ నవ్వితే ఆగడం మానరు, మీకు చెప్పడం మానేస్తారు. 38వ రోజు సాయంత్రం నేను ఇంటికి వచ్చి, ఆపరేషన్ రోజు నుంచి 90 లెక్కపెట్టి, సెప్టెంబరు మొదటి వారం దాటితే ముప్పట అత్తమ్మా అని చెప్పాను. ఆమె గోడ మీది క్యాలెండర్ దించి, కళ్లజోడు పెట్టుకుని, పేజీలు తిప్పి, "అమ్మో, అప్పటికి శ్రావణం కూడా దాటిపోద్ది. ఆగొద్దు. షుగర్ దిగాక డాక్టరు ఏ రోజంటే ఆ రోజే" అంది. ఇదే మనిషి అంతకు రెండు వారాల ముందు ఆషాఢం పోయేదాకా వద్దంది. ఆషాఢంలోనే, ఒక మంగళవారం నాడు నాకు మొదటి కీమో ఎక్కింది. అత్తమ్మ ఉడకబెట్టిన గుడ్లు రెండు డబ్బాలో పెట్టి పంపింది.

కాబట్టి నేను అడిగేది చాలా చిన్నది. కొత్త యంత్రం అక్కర్లేదు, కొత్త బడ్జెట్ అక్కర్లేదు. డిశ్చార్జి కాగితం కింద తెలుగులో రెండు తేదీలు. పుండు వల్ల మొదటి తేదీ వెనక్కి జరిగే పరిస్థితి వస్తే మీరిద్దరూ ఫోన్లో మాట్లాడుకుని, ఏమనుకున్నారో అదే కాగితం మీద ఒక వాక్యం. ఆ రెండో తేదీకి పది రోజుల ముందు కూడా మనిషి రాకపోతే వార్డు నుంచి ఒక కాల్. కాల్ ఎవరు చేయాలన్నది మీ ఇష్టం, కానీ ఎవరో ఒకరి పేరు మీద ఆ పని ఉండాలి. అందరి పని అంటే ఎవరి పనీ కాదని మా సొసైటీలో ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను.

నాకు నాలుగు ఎర్ర మందులు, ఆ తర్వాత వారానికొకటి చొప్పున పన్నెండు అయిపోయాయి. ఫిష్ నెగటివ్ వచ్చింది. రేడియేషన్ కూడా అయింది, ఇప్పుడు రోజుకో మాత్ర. మహబూబాబాద్ అక్కకు రెండో విడత నడుస్తోంది. ఫోన్ చేస్తే మిర్చి రేటు చెబుతుంది, తన సంగతి అడిగితే మాట మారుస్తుంది.

మూడో కీమోకు వెళ్లిన రోజున డే కేర్ బయట బెంచీ మీద ఒకమ్మాయి కూర్చుంది. ముప్పై అయిదేళ్లు ఉంటాయేమో. గుడ్డ సంచిలో డ్రెయిన్ బాటిల్, ఒళ్లో ఫైలు. "అక్కా, ఇది మీకు ఆపరేషన్ అయిన ఎన్ని రోజులకు మొదలుపెట్టారు?" అని అడిగింది. ఆమె డిశ్చార్జి కాగితం తీసి చూశాను. కింద నాలుగు వేళ్ల వెడల్పు ఖాళీ ఉంది. వెంటబెట్టుకుని రెండో అంతస్తుకు తీసుకెళ్లాను. సర్జన్ గారు థియేటర్‌కు వెళ్లబోతూ గుమ్మంలో కనిపించారు. "సార్, ఈ అమ్మాయికి కీమో ఎప్పటి లోపు మొదలవ్వాలో ఇక్కడ రాసివ్వండి" అని నా పెన్ను ఇచ్చాను. ఆయన నా మొహం వంక చూశారు, గుర్తుపట్టారనుకుంటాను. ఫైలును గోడకు ఆనించి, నిలబడే రాశారు.